చేయి పట్టి దిద్దించే యంత్రం

పూర్వం వీథిబడులలో పిల్లవానికి ఓనమాలు నేర్పే తీరు పెద్దలకు గుర్తుండే ఉంటుంది. పళ్లెంలో బియ్యం పరచి, పిల్లవాని చూపుడువేలు పట్టుకొని పంతులుగారు అక్షరం దిద్దిస్తారు. మొదటి రోజున బలమంతా పంతులుగారిదే. పిల్లవాని వేలు ఊరికే వెంట నడుస్తుంది. నాలుగు రోజులు గడిచేసరికి పిల్లవాడు గీత తానే మొదలుపెడతాడు. అప్పుడు పంతులుగారు పట్టు సడలిస్తారు. పదిహేను రోజులయ్యేసరికి ఆయన చేయి పిల్లవాని చేతిమీద ఉన్నదన్న మాటే గాని, గీత ప్రక్కదారి పట్టినపుడు తప్ప అది ఏ పనీ చేయదు. ఎప్పుడు ఎంత బలం వాడాలో, ఎప్పుడు వదలాలో ఆ పంతులుగారికి ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఈ విద్యను ఒక యంత్రానికి నేర్పవచ్చునా, పక్షవాతంవల్ల పడిపోయిన చేతికి ఆ యంత్రంచేత మళ్లీ ఓనమాలు దిద్దించవచ్చునా అనే ప్రశ్న 1980ల చివరలో అమెరికాలో పుట్టింది. దాని కథ చెప్పుకోబోయేముందు ఆ చేయి ఎవరిదో ఒకసారి తలచుకోవాలి.

కడప జిల్లాలో ప్రొద్దుటూరు బంగారు వర్తకానికి పేరుపడ్డ ఊరు. అక్కడి బంగారు పనివాని బ్రతుకంతా బొటనవ్రేలికీ చూపుడువేలికీ మధ్య ఉంటుంది. జమ్మలమడుగు ప్రాంతపు నేతపనివానికి రెండు చేతులూ ఒకేసారి కావాలి. ఒక చేయి నాడెను విసిరే తాడు లాగితే రెండవది పన్నెను ముందుకు కొట్టాలి. పులివెందుల చుట్టుప్రక్కల చీనీ తోటలలో, అరటి తోటలలో పనిచేసే మనిషికి భుజం కావాలి, మోచేయి కావాలి, గెల పట్టుకొనే పిడికిలి కావాలి. వీరిలో ఎవరైనా ఒక తెల్లవారుజామున లేచేసరికి కుడిచేయి మాట వినకుండా పోయిందనుకోండి. ప్రాణం దక్కుతుంది. కొన్ని వారాలకు కర్ర ఊతంతో నడక కూడా వస్తుంది. అటు తరువాత ఇంటివారు చెప్పే మాట పల్లెపల్లెనా ఒకటే: "కాలు వచ్చింది గాని చేయి రాలేదు."

కాలు ముందు రావడానికీ చేయి వెనుకబడడానికీ కారణం లేకపోలేదు. నిలబడడానికి, నడవడానికి కాలు గట్టిగా బిగిసినా కొంతవరకు పని జరుగుతుంది. చేయి బిగిస్తే పని జరగదు. గుండీ పెట్టుకోవాలంటే, అన్నం కలపాలంటే, ఒక్కొక్క వేలు విడివిడిగా కదలాలి. ఆ విడివిడి కదలికను నడిపే నాడీమార్గమే ఈ జబ్బులో తరచుగా దెబ్బతింటుంది.

గాలి కాదు, నెత్తురు

పక్షము అంటే ప్రక్క. శరీరంలో ఒక ప్రక్కను పడగొట్టే వాతము కనుక మన పూర్వవైద్యులు దీనికి పక్షవాతమని, పక్షాఘాతమని పేరు పెట్టారు. గ్రీకులు 'అపోప్లెక్సియా' అన్నారు. దెబ్బతో కూలిపోవడమని దాని అర్థం. గాలి సోకిందనే మాట నేటికీ వినబడుతూనే ఉంది. ఈ భ్రమను మొదట గట్టిగా కదిలించినవాడు స్విట్జర్లండులోని షాఫ్‌హౌజన్ పట్టణపు వైద్యుడు యోహాన్ యాకోబ్ వెఫర్. ఈ జబ్బుతో మరణించినవారి తలలు కోసి చూసి, మెదడులో నెత్తురు చిమ్మి ఉండడం గమనించి 1658లో ఆయన గ్రంథం ప్రకటించాడు. మెదడుకు నెత్తురు అందకపోయినా ఇదే ఫలితం కలుగుతుందని కూడా ఆయన ఊహించాడు. నేడు తెలిసినదీ అదే. ఎక్కువమందిలో నెత్తుటిగొట్టం గడ్డతో మూసుకొనిపోతుంది. కొందరిలో అది పగులుతుంది.

ఎడమ మెదడు దెబ్బతింటే కుడిచేయి ఎందుకు పడిపోతుంది? వెన్నుపామును చేరకముందే నాడీతంతువులు ఎడమవి కుడికి, కుడివి ఎడమకు దాటిపోవడాన్ని ఇటలీలో మిస్టికెల్లి 1709లోను, ఫ్రాన్సులో పుర్‌ఫూర్ దు పెతి 1710లోను వర్ణించారు. 1870లో బెర్లినులో ఫ్రిట్ష్, హిట్జిగ్ అనే ఇద్దరు యువకులు కుక్కమెదడుపై సన్నని విద్యుత్తు ప్రసరింపజేసి, ఒకచోట ముట్టుకొంటే ముంగాలు, మరొకచోట ముట్టుకొంటే వెనుకకాలు కదలడం చూశారు. వారికి ప్రయోగశాల లేనందున ఈ పని హిట్జిగ్ ఇంట్లోనే జరిగింది. మెదడు పైపొరలో అవయవాలకు వేర్వేరు స్థానాలున్నవని ఆనాడు రుజువైంది. మనిషి మెదడులో ఈ పటాన్ని 1937లో పెన్‌ఫీల్డ్, బోల్డ్రే గీసినప్పుడు, చేతికి, ముఖానికి కేటాయించిన మేర శరీరంలో వాటి పరిమాణానికి ఎన్నో రెట్లు పెద్దదిగా తేలింది.

ఈ పటం చూసి చాలామంది వైద్యులు ఒక నిరాశాజనకమైన నిర్ణయానికి వచ్చారు. మెదడు కణాలు చస్తే తిరిగి పుట్టవు. ఏ చోటు పని ఆ చోటిదే. కనుక చచ్చిన చోటుతోపాటు దాని పనీ పోయినట్లే. తార్కికంగా చూస్తే ఇందులో తప్పు కనబడదు. తప్పు ఉన్నదని చూపించినవి కోతులు.

కోతులు చెప్పిన సంగతి

1917లో వాషింగ్టనులో ఆగ్డెన్, ఫ్రాంజ్ అనే ఇద్దరు పరిశోధకులు కోతుల మెదడులో చేతిని కదిలించే స్థానాన్ని దెబ్బతీసి, వాటికి పక్షవాతం కలిగించారు. ఊరికే వదలివేసిన కోతి మంచి చేతితోనే పనులన్నీ గడుపుకొన్నది. మంచి చేతిని కట్టివేసి, పడిపోయిన చేతిని వాడక తప్పని స్థితి కల్పిస్తే మాత్రం ఆ చేయి కోలుకొన్నది. ఇంత ముఖ్యమైన ఫలితం అచ్చయి కూడా అర్ధశతాబ్దంపాటు దాదాపు ఎవరికీ పట్టలేదు.

దీనిని మళ్లీ ముందుకు తెచ్చినవాడు ఎడ్వర్డ్ టౌబ్. ఆయన పని సుఖంగా సాగలేదు. 1981లో మేరీలాండు రాష్ట్రంలోని సిల్వర్ స్ప్రింగులో ఆయన ప్రయోగశాలలోని కోతుల దుస్థితిపై పోలీసు కేసు నడిచింది. అమెరికాలో జంతుసంరక్షణ ఉద్యమానికి ఆ కేసు ఒక మలుపు అయింది. మూగజీవాలపట్ల జరిగినదాన్ని తేలికగా తీసివేయడానికి వీలులేదు. అయితే ఆ కోతులలోనే కొన్నిటిని తరువాత పరీక్షించిన శాస్త్రజ్ఞులు, స్పర్శ తెగిపోయిన చేతికి చెందిన మెదడుభాగాన్ని ముఖానికి చెందిన భాగం ఆక్రమించుకొన్నదని 1991లో ప్రకటించారు. పటం రాతిమీద చెక్కినది కాదన్న మాట. 1996లో రాండల్ నూడో, సహచరులు మరొక అడుగు వేశారు. చిన్న కోతుల మెదడులో చేతిస్థానాన్ని కొద్దిగా దెబ్బతీసి, చిన్న గుంటలలోనుండి ఆహారపు గుళికలు తీసే పనిని రోజూ వందలసార్లు చేయించారు. అభ్యాసం చేసిన కోతులలో మిగిలిన చేతిస్థానం తరిగిపోకుండా నిలిచింది. అభ్యాసం లేనివాటిలో అది కూడా కుంచించుకొనిపోయింది.

టౌబ్ పద్ధతి మనుషులకు వచ్చింది. మంచి చేతికి పగటివేళ అధికభాగం తొడుగు వేసి ఉంచి, పడిన చేతితో రోజుకు ఆరు గంటలవరకు, రెండు వారాలపాటు పని చేయిస్తారు. 222 మంది రోగులతో జరిగిన అమెరికా పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. పద్ధతి మేలు చేస్తుందని తేలింది. కాని ఒక షరతు ఉన్నది. ఆ చేతిలో మణికట్టు, వేళ్లు కొంచెమైనా పైకి లేచే శక్తి మిగిలి ఉండాలి. అసలు కదలని చేతిని బలవంతపెట్టి ప్రయోజనమేమి?

ఇక్కడ ఉపాధ్యాయులు గమనించవలసిన లెక్క ఒకటి ఉన్నది. జంతువులకు అభ్యాసం వందలసార్లు. మరి ఆసుపత్రిలో రోగికి? కేథరిన్ లాంగ్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఆమె సహచరులు చికిత్సగదులలో కూర్చొని లెక్కించి 2009లో ప్రకటించిన సంఖ్య ఇది: ఒక విడతలో చేతితో చేయించిన పనికొచ్చే కదలికలు సగటున 32. తప్పు చికిత్సకుడిది కాదు. ఒక మనిషి మరొక మనిషి బరువైన చేతిని పట్టుకొని వేయిసార్లు కదిలించడం శరీరానికి సాధ్యమైన పని కాదు. అలసిపోని పంతులుగారు కావలసి వచ్చింది.

మెత్తని మరమనిషి

'రోబో' అనే మాటను లోకానికి ఇచ్చినది చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకం. కర్మాగారంలో మొదటి రోబో 1961లో అమెరికాలో జనరల్ మోటార్స్ వారి వద్ద పనిలోకి దిగింది. అటువంటి యంత్రానికి తెలిసినది చోటు ఒక్కటే. ఇక్కడినుండి అక్కడికి వెళ్లమంటే వెళుతుంది. మధ్యలో ఇనుప పలక అడ్డం వచ్చినా, మనిషి చేయి అడ్డం వచ్చినా దానికి భేదం లేదు. రోగి చేతిని అటువంటి దానికి అప్పగించలేము.

ఐర్లండులో పుట్టి, అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పనిచేస్తున్న నెవిల్ హోగన్ 1985లో వేరొక మార్గం సూచించాడు. యంత్రానికి చోటు చెప్పవద్దు, చోటుకూ బలానికీ మధ్య ఉండవలసిన సంబంధాన్ని చెప్పాలన్నాడు. పదవ తరగతి విద్యార్థికి తెలిసిన హుక్ సూత్రమే దీనికి మూలం. స్ప్రింగును ఎంత లాగితే అది అంత బలంతో వెనుకకు లాగుతుంది. రోగి చేయి నడవవలసిన దారికి ఇరుప్రక్కలా కంటికి కనబడని స్ప్రింగులు ఉన్నవనుకోండి. వాటి గట్టిదనం మీటరుకు 100 న్యూటన్లనుకొంటే, చేయి దారినుండి 10 సెంటిమీటర్లు తొలగినప్పుడు 100 × 0.1 = 10 న్యూటన్ల బలం దాన్ని వెనుకకు నెడుతుంది. అరచేతిలో ఒక కిలో రాయి పెట్టుకొంటే తెలిసే బలం దాదాపు అంతే. చేయి ఒక సెంటిమీటరే తొలగితే ఒక న్యూటన్ చాలు. దారిలోనే ఉంటే అసలు బలమే లేదు. రోగి బలపడిన కొద్దీ ఆ 100ను 60 చేయవచ్చు, 20 చేయవచ్చు. దీనికి తోడు తలుపు దఢాలున పడకుండా ఆపే నూనెగొట్టం వంటి నిరోధాన్ని కూడా కలుపుతారు. వేగం హెచ్చితే అది అడ్డుకొంటుంది. నిజంగా అక్కడ స్ప్రింగూ లేదు, నూనెగొట్టమూ లేదు. చేయి ఎక్కడ ఉన్నదో కొలిచే సాధనం, లెక్క కట్టే కంప్యూటరు, ఆ లెక్క ప్రకారం నెట్టే మోటారు, ఈ మూడూ సెకనులో ఎన్నోసార్లు చేసే పనివల్ల రోగి చేతికి అవి ఉన్నట్లు తోస్తుంది.

వీథిబడి పంతులుగారి పట్టు అంటే ఇదే. గొప్పదనం లెక్కలో ఎంత ఉన్నదో కట్టడంలోనూ అంత ఉన్నది. యంత్రపు కడ్డీలు బరువైనవైతే వాటిని కదిలించడానికే రోగి బలం చాలదు. అందువల్ల వదిలితే తేలికగా వెంట వచ్చే కడ్డీలతో, బల్లమీద అన్ని దిక్కులా జరిగే చేతిని హోగన్, బ్రెజిల్ దేశంనుండి వచ్చిన హెర్మానో ఈగో క్రెబ్స్, సహచరులు నిర్మించారు. 1989లో మొదలైన పని 1991కి ఒక రూపానికి వచ్చింది. 'మనస్సు, చేయి' అని అర్థమిచ్చే తమ సంస్థ లాటిన్ సూక్తిలోని చేతిమాటనే తీసుకొని దానికి ఎం.ఐ.టి. మానుస్ అని పేరుపెట్టారు. రోగి కుర్చీలో కూర్చొని పిడి పట్టుకొంటాడు. పట్టులేని చేతిని పిడికి కట్టివేస్తారు. ఎదుట తెరమీద నడుమ ఒక చుక్క, చుట్టూ ఎనిమిది చుక్కలు. నడుమనుండి ఒక చుక్కకు పోయి తిరిగి రావాలి. కొంతసేపు యంత్రం వేచి చూస్తుంది. చేయి కదిలితే వెంట నడుస్తుంది. కదలకపోతే మెల్లగా తీసుకొనిపోతుంది.

1994 నుండి న్యూయార్కు రాష్ట్రంలోని బర్క్ పునరావాస ఆసుపత్రిలో రోగులపై దీన్ని పరీక్షించారు. 1997లో ప్రచురించిన మొదటి ఫలితాలలో రోగులు ఇరవైమందే. మామూలు చికిత్సతోపాటు యంత్రాభ్యాసం కూడా చేసినవారిలో భుజం, మోచేయి ఎక్కువ బాగుపడ్డాయి. మణికట్టూ వేళ్లూ బాగుపడలేదు; యంత్రం వాటిని ముట్టుకోలేదు మరి. నేర్పినదే వస్తుంది, నేర్పనిది రాదు అన్న ఈ సంగతి తరువాతి పరీక్షలన్నిటినీ వెన్నాడింది.

యంత్రంవల్ల మరొక లాభం కలిగింది. అది కదిలించడమే గాక కొలుస్తుంది కూడా. పక్షవాతపు తొలి వారాలలో రోగి చేయి చుక్కనుండి చుక్కకు ఒకే ఊపులో పోలేదు. చిన్న చిన్న తునకలుగా, ఆగి ఆగి పోతుంది. కోలుకొనే కొద్దీ ఈ తునకలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయని 2002లో హోగన్ బృందం చూపింది. అక్షరం నేర్చుకొనే పిల్లవాడు మొదట 'అ'ను నాలుగు గీతలుగా గీసి, పోనుపోను ఒకే గీతగా రాయడం చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు.

తక్కెడలో వేసినప్పుడు

ఇరవైమందిలో కనిపించినది వందలమందిలో నిలుస్తుందా? వైద్యంలో అసలు పరీక్ష ఇదే. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులలో జబ్బుచేసి ఆరునెలలు దాటిన 127 మందిని తీసుకొన్నారు. కొందరికి యంత్రం, మరికొందరికి అన్నే కదలికలు మనిషి చేయించే చికిత్స, మిగిలినవారికి మామూలు వైద్యం. యంత్రం ఒక్కొక్క విడతలో చేయించిన కదలికలు వేయికి పైగా. అటువంటి విడతలు పన్నెండు వారాలలో 36. ఫలితాలు 2010లో వచ్చాయి. 66 మార్కుల కొలబద్దమీద పన్నెండు వారాలకు యంత్రపువారు మామూలు వైద్యంవారికన్నా సుమారు రెండు మార్కులే ముందున్నారు. అది యాదృచ్ఛికం కాదని చెప్పగల తేడా కాదు. ముప్పైయారు వారాలకు తేడా దాదాపు మూడు మార్కులయి, నమ్మదగినదిగా నిలిచింది. మనిషి చేయించిన గట్టి అభ్యాసానికీ యంత్రానికీ మధ్య భేదమే కనబడలేదు.

ఇంకా పెద్ద పరీక్ష బ్రిటనులో జరిగింది. నాలుగు కేంద్రాలలో 770 మంది. వారానికి మూడుసార్లు, ముప్పావుగంట చొప్పున పన్నెండు వారాలు. 2019లో ప్రకటించిన ఫలితం ప్రకారం చేతిపనిలో తగినంత మేలు పొందినవారు యంత్రవర్గంలో నూటికి 44, మనిషి చేయించిన గట్టి అభ్యాసవర్గంలో 50, మామూలు వైద్యంలో 42. ఈ సంఖ్యలు చూసి యంత్రాలు అమ్మేవారు కొంత చిన్నబుచ్చుకొని ఉండవచ్చు. మరోవైపు, అప్పటికి ప్రపంచంలో జరిగిన 45 పరీక్షలను, 1619 మంది రోగులను కూడగట్టి 2018లో చేసిన సమీక్ష మాత్రం యంత్రాభ్యాసం చేతిబలాన్నీ నిత్యకృత్యాలనూ మెరుగుపరుస్తుందనే చెప్పింది. రెండూ అబద్ధం కావు. చేయి కొంచెం ఎక్కువగా కదులుతుంది. ఆ కదలిక చొక్కా తొడుక్కోవడానికి అక్కరకు వచ్చేంతగా ప్రతివారిలోనూ పెరగదు. బల్లమీద చుక్కనుండి చుక్కకు పోవడం నేర్చిన చేతికి ముద్ద కలపడం దానంతట రాదు.

వేళ్ల వ్యాకరణం

కాబట్టి పరిశోధకుల చూపు భుజంనుండి వేళ్లకు దిగింది. ఈ పనిలో వరంగల్లు కాకతీయ విశ్వవిద్యాలయంలో చదివిన ఒక ఇంజనీరు పాత్ర ఉన్నది. రమణ వింజమూరి అక్కడ ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివి, అమెరికా వెళ్లి, 2008లో పిట్స్‌బర్గు విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందాడు. ఆయన ఎత్తుకొన్న ప్రశ్న ఇది: మనిషి చేతిలో 27 ఎముకలు, ఇరవైకి మించిన కదలికలు ఉన్నవి గదా, మెదడు ఒక్కొక్కదానికి విడిగా ఆజ్ఞ ఇస్తుందా?

ఇవ్వదని అంతకుముందే సూచన దొరికింది. 1998లో సాంటెల్లో, మరి ఇద్దరు శాస్త్రజ్ఞులు 57 వస్తువులను పట్టుకొన్నట్లు ఊహించి చేతిని మలచమని కొందరిని కోరి, కీళ్ల కోణాలు కొలిచారు. వాటిలోని వైవిధ్యంలో నూటికి 80 పాళ్లకు పైగా రెండే రెండు మూలభంగిమల కలయికతో వివరించవచ్చునని తేలింది. ఎరుపు, పచ్చ, నీలం మూడింటితో చిత్రకారుడు సమస్త వర్ణాలూ కలిపినట్లు మెదడు కొద్దిపాటి కూర్పులతో చేతిపనులన్నీ అల్లుతుందన్న మాట. వింజమూరి, ఆయన శిష్యులు ఈ కూర్పులను లెక్కకట్టి, మెత్తని చేతితొడుగు యంత్రంలో వాటినే పొదిగారు. ఇరవై మోటార్లకు బదులు కొన్ని కూర్పులను నడిపితే చాలు. ముంజేతి కండరాలు పుట్టించే సన్నని విద్యుత్తును పసిగట్టి, దాని ప్రకారం ఆ తొడుగును నడిపే విధానాన్ని స్టీవెన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉండగా 2019లో ప్రకటించారు. అనంతరం వింజమూరి మేరీలాండు విశ్వవిద్యాలయపు బాల్టిమోర్ కౌంటీ శాఖకు మారాడు. ఇవి ఇంకా ప్రయోగశాల స్థితిలోని పనులు. వీటిని ఆసుపత్రి తక్కెడలో వేయవలసి ఉన్నది.

ఇంజనీరూ వైద్యుడూ కలిస్తే ఏమవుతుందో తెలుగునేలమీద ముందే ఒకసారి కనబడింది. 1990లలో హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో మూడు కిలోలకు మించిన ఇనుప పట్టీలతో కాళ్లీడ్చుకొంటున్న పిల్లలకు, క్షిపణులకు వాడే తేలిక పదార్థంతో సుమారు 300 గ్రాముల పట్టీలు చేసి ఇచ్చారు అబ్దుల్ కలాం సహచరులు. అక్కడ తగ్గవలసినది బరువే కనుక ఫలితం వెంటనే కనబడింది. పక్షవాతపు చేయి అంత సులువైన లెక్క కాదు; చెడినది చేతిలో లేదు, తలలో ఉన్నది.

గడియారమూ దూరమూ

మళ్లీ కడప జిల్లాకు వద్దాము. జమ్మలమడుగులో లండన్ మిషనరీ సొసైటీవారి ఆసుపత్రి పందొమ్మిదో శతాబ్ది చివరినాటిది. అక్కడ పనిచేసిన డాక్టరు టి. వి. క్యాంప్‌బెల్ పేరు దానికి నిలిచిపోయింది. తరువాతి కాలంలో ముఖ్యమంత్రి అయిన డాక్టరు వై. ఎస్. రాజశేఖరరెడ్డి కూడా వైద్యునిగా అక్కడ పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రి పేర 70 పడకల ఆసుపత్రి స్థాపించాడు. 2005లో వచ్చిన 108 వాహనాలు, 2006లో కడపలో తెరచిన వైద్యకళాశాల ఆసుపత్రి ఈ జబ్బు విషయంలో యంత్రాలకన్నా ముందు లెక్కకు వస్తాయి. కారణం ఇది. గడ్డను కరిగించే మందు మొదటి మూడు గంటలలో మేలు చేస్తుందని 1995లోను, నాలుగున్నర గంటలవరకు చేస్తుందని 2008లోను తేలింది. పెద్ద నాళం మూసుకొన్నప్పుడు నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో ఒక అంచనా కట్టారు. పులివెందులనుండి కడపకు సుమారు 70 కిలోమీటర్లు. ప్రయాణానికి గంటన్నర పడితే 90 × 19 లక్షలు, అంటే 17 కోట్ల పైచిలుకు కణాలు. ముందు పసరుమందు కోసం ఏ దూరపు పల్లెకో పోయి, మరునాడు ఆసుపత్రి చేరితే ఆ లెక్క ఎంతవుతుందో విద్యార్థులే కట్టి చూడవచ్చు. అట్లా పోయిన కణాలను ఏ రోబో తెచ్చి ఇవ్వలేదు. మిగిలినవాటికి పని నేర్పడమే దాని పని.

ఆసుపత్రినుండి ఇంటికి వచ్చాక చేయించేవారెవరు? పల్లెలలో ఇంటివారే. వారికి శిక్షణ ఇస్తే చాలునేమోనని భారతదేశంలోనే ఒక పెద్ద పరీక్ష జరిగింది. 2014–16 మధ్య 14 ఆసుపత్రులలో 1250 మంది రోగులు; సగంమంది ఇళ్లలో భార్యకో కొడుకుకో కోడలికో వ్యాయామాలు నేర్పారు. ఆరునెలల తరువాత మరణించినవారు, ఇతరులమీద ఆధారపడినవారు రెండు వర్గాలలోనూ నూటికి 47. తేడా లేదు. 2017లో వెలువడిన ఈ ఫలితం ఇంటివారి శ్రద్ధను తక్కువ చేయదు గాని, మంచిమనసు ఒక్కటే వేయి కదలికలకు సాటి రాదని మాత్రం చెబుతుంది. కూలికి పోవలసిన కొడుకు రోజుకు ఎన్ని గంటలు తండ్రి చేయి పట్టుకొని కూర్చోగలడు?

ఖర్చులేని ఉపాయాలు లేకపోలేదు. మంచి చేతి ప్రతిబింబం పడిన చేతి చోట కనబడేటట్లు అద్దం నిలిపి రెండు చేతులూ కదిలించే పద్ధతి ఒకటి. మద్రాసులో వైద్యం చదివిన వి. ఎస్. రామచంద్రన్ చేయి తెగినవారి కోసం దీన్ని కల్పించగా, 1999లో తొమ్మిదిమంది పక్షవాతరోగులపై పరీక్షించారు. తరువాతి పరీక్షలు కొంత మేలున్నదనే చెప్పాయి. అద్దం ప్రొద్దుటూరు బజారులో దొరుకుతుంది.

కడప జిల్లావారు పెద్ద జబ్బులకు పూర్వంనుండి వెళ్లే ఊరు వేలూరు, 200 కిలోమీటర్లకు పైబడిన దూరం. అక్కడి క్రైస్తవ వైద్యకళాశాలలో డాక్టరు మేరీ వర్గీస్ 1954లో మోటారు ప్రమాదంవల్ల నడుముక్రింది భాగం చచ్చుబడినా, చక్రాల కుర్చీలో కూర్చొని కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. 1966లో ఆమె ఆధ్వర్యంలో ఏర్పడిన పునరావాస సంస్థ దేశంలో ఆ తరహావాటిలో మొదటిది. అదే కళాశాల ఇంజనీర్లు మద్రాసు ఐ.ఐ.టి.వారితో కలసి 'ప్లూటో' అనే చేతియంత్రాన్ని రూపొందించి 2021లో వివరాలు ప్రకటించారు. దానిలో మోటారు ఒక్కటే. దానికి తగిలించే పిడులు మాత్రం మార్చుకోవచ్చు: ఒకటి మణికట్టు వంచడానికి, ఒకటి ముంజేయి తిప్పడానికి, ఒకటి పిడికిలి తెరచి మూయడానికి. బల్లమీద పట్టే పరిమాణం. పెద్ద యంత్రాలలో పదోవంతు పనైనా చేస్తుందా అని అడిగేవారికి, ఆ పెద్ద యంత్రం పులివెందులదాకా రాదన్నది జవాబు. రోగి తెరమీద ఆట ఆడుతుంటాడు. పిడి మెల్లగా అతని పిడికిలిని తెరుస్తుంది, ఆగి చూస్తుంది, మళ్లీ తెరుస్తుంది.